బావ ఊ కొట్టడం మానేసిన రోజు

మా బావకు నా మాట మీద ఎంత నమ్మకమంటే, బయట వాన పడుతోందని నేను చెబితే కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి బయటపెట్టి చూసుకునేవాడు. తడిసిన చేతిని తువ్వాలుకు తుడుచుకుంటూ, "ఈసారికి నిజమే" అనేవాడు. బావ పోయాక వాన సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని పడటం లేదు. పడకముందే అందరికీ ఫోన్లో తెలిసిపోతోంది.

బావంటే మా అక్క భర్త. మంచినీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేశాడు. గోదావరి వైపు నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నన్ను బస్సు దిగిన చోటు నుంచే స్కూటరు మీద ఎక్కించుకుని, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో తాను అద్దెకుంటున్న రెండు గదుల ఇంట్లో ఒక చాప, ఒక దిండు చూపించి, "ఉద్యోగం దొరికేదాకా ఇది నీది" అన్నాడు. ఉద్యోగం తొందరగానే దొరికింది. చాప పోతుందన్న భయంతో ఆ కబురు కొన్నాళ్ళు దాచానని మా అక్క ఇప్పటికీ అంటుంది. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఆదివారాలు బావా నేనూ ఖాజాగూడ బండల మీదికి పోయేవాళ్ళం. ఇప్పుడక్కడ నిలబడి తలెత్తితే అద్దాల మేడలు తప్ప ఆకాశం కనబడదు గానీ, అప్పుడు చెరువు, గుట్టలు, ఒకదాని మీద ఒకటి ఎవరో సరదాకి పేర్చి మరిచిపోయినట్టున్న రాళ్ళు. అక్క కట్టిచ్చిన డబ్బాలో పులిహోర. తినడం అయ్యాక బావ ఎండకు కాగిన బండ మీద వెల్లకిలా పడుకుని, రుమాలు మొహం మీద కప్పుకుని, "ఏదైనా చెప్పరా" అనేవాడు.

"నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఇదే చెరువు మలుపులో చిరుతపులి రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది బావా."

"ఊ."

"బండి ఆపాను. పటాన్‌చెరు వైపా అనడిగింది. కాదు, కూకట్‌పల్లి అన్నాను."

"ఊ."

"పర్లేదు, మియాపూర్ చౌరస్తాలో దింపెయ్యి అని వెనకాల ఎక్కి కూర్చుంది. కొంచెం దూరం వచ్చామో లేదో పోలీసాయన ఆపాడు, హెల్మెట్ లేదని."

"నీకా, పులికా?"

"నాకే. పులికి ఉంది."

రుమాలు కింద బావ పొట్ట ఎగిరెగిరి పడేది. మంచి పొట్ట అది. మా అక్క చేతి వంట మీద ఎదిగిన పొట్ట.

మా ఇళ్ళల్లో కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే వినేవాడు నిద్రపోయాడని అర్థం. బావ లెక్క వేరు. ఆయన ఊ కొట్టాడంటే, "ఇది కోత అని నాకు తెలుసు, నువ్వు కానివ్వు" అని. నిజం చెబితే ఊ కొట్టేవాడు కాదు. మధ్యలో అడ్డం పడి ప్రశ్నలు వేసేవాడు. మా ఆఫీసులో లిఫ్టు ఇరుక్కుపోయిన సంగతి చెప్పినప్పుడు, ఎన్నో అంతస్తు, తీగలెన్ని, జనరేటర్ ఎందుకు అందుకోలేదు అని నా ప్రాణం తీశాడు. అందుకే నిజాలు చెప్పడం నాకు పెద్దగా ఇష్టం ఉండేది కాదు. కోతలైతే ఊ, ఊ అంటూ హాయిగా సాగిపోయేవి.

మేం పడుకున్న బండలు ఒక్కొక్కటే పేలుళ్ళకు పోయాయి. ఆ చోట లేచిన ఒక మేడలోనే తర్వాత్తర్వాత నా ఉద్యోగం. మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ గ్లాసులు పెట్టే నల్లరాయి బల్ల ఉందే, అది బావ ఆదివారాలు పడుకున్న బండేనని నేను చాలామందికి చెప్పాను. బావకు కూడా చెప్పాను. "ఊ" అన్నాడు. ఒకరోజు ఆఫీసు చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం, ఎవరూ చూడటం లేదనుకుని ఆ బల్ల మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. వేడిగా ఉందేమోనని కాబోలు.

* * *

బావ ఎన్నడూ గొంతెత్తి ఎరగడు. కోపం వస్తే కంచంలో వదిలేసేవాడు. అంతే. మామూలు రోజుల్లో కంచం కడిగినట్టు తినే మనిషి రెండు ముద్దలు వదిలి లేచాడంటే ఇల్లంతటికీ తెలిసిపోయేది. అక్క ఆ వదిలిన దాన్ని చూసి కోపం ఎంతో కొలిచేది. పచ్చడి వదిలితే చిన్న కోపం. పెరుగన్నం వదిలితే చుట్టాల విషయం. పెసరట్టు వదలడమన్నది అప్పటిదాకా వాళ్ళ కాపురంలో ఒక్కసారే జరిగింది. అప్పుడు అక్క ఆయన్ని అడక్కుండా ఆయన పెదనాన్నగారి పాత పడకకుర్చీ పాతసామాన్ల వాడికి ఇచ్చేసింది.

అలాంటిది ఒక ఉదయం సగం పెసరట్టు అలాగే ఉంచి చెయ్యి కడుక్కున్నాడు.

అక్క నాకు ఫోన్ చేసింది. "మీ బావకి నా మీద కోపం వచ్చిందిరా."

"ఏం చేశావు?"

"అదే తెలియట్లేదు. నువ్వేమన్నా చేశావా?"

మేమిద్దరం కలిసి విచారణ జరిపాం. ఎవరి పెళ్ళికి వెళ్ళలేదు, ఎవరికి ఫోన్ చెయ్యలేదు, ఏ చొక్కాకి ఇస్త్రీ తప్పింది. అక్క గుత్తివంకాయ చేసింది, సగం వదిలాడు. పనసపొట్టు కూర చేసింది, రెండు ముద్దలతో లేచాడు. "కోపం ముదిరింది" అని తేల్చేసింది అక్క. ఆయన మాత్రం, "కోపమేంటే, గ్యాసు. కొంచెం తినగానే నిండిపోయినట్టుంటోంది" అని మందుల షాపు నుంచి ఏదో తెల్లమందు తెచ్చుకుని తాగేవాడు. అక్క నమ్మలేదు. ఆయన పక్కన కూర్చుని వార్తలు చూడటం కోసం తన సీరియల్ మానుకుంది. ఆవిడ చేసిన త్యాగాల్లో అదే పెద్దదని నా అభిప్రాయం.

అలా నెలలు గడిచాయి. బెల్టుకు కొత్త కన్నం పడ్డప్పుడు నేను పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గొంతులోంచి గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. జీర్ణాశయంలో కాన్సర్ అని చెప్పారు.

ఆ మాట విని అక్క ముందు, "అయితే నా మీద కోపం కాదన్నమాట" అంది. అంటూనే ఆవిడ మొహంలో క్షణంపాటు ఒక తేలిక కనిపించింది. ఆ తర్వాత వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది. నేను కుర్చీ లాగాను కాబట్టి సరిపోయింది.

స్కాన్ అయ్యాక పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూశారు. జబ్బు జీర్ణాశయం గోడ దాటిందన్నారు. పొట్ట లోపల అన్ని అవయవాల మీదా దుప్పటిలా కప్పి ఒక పల్చటి పొర ఉంటుందట. ఆ పొర మీద అక్కడక్కడ, సగ్గుబియ్యం చల్లినట్టు, తెల్లటి గింజలు కనిపించాయట. ఈ స్థితిలో వెంటనే కొయ్యరు. ముందు నరం ద్వారా మందులిచ్చి అవి తగ్గుతాయా లేదా చూస్తారు. ఆ మందులు నెలల తరబడి నడిచాయి. బావ జుట్టు పోయింది. నాలుక మీద రుచి పోయింది, అది ఆయనకు జుట్టు కంటే ఎక్కువ బాధ. ఏది తిన్నా ఇనుప గరిట నాకినట్టుంది అనేవాడు. ఇంత జరిగినా ఆదివారం సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని, "ఏదైనా చెప్పరా" అనడం మాత్రం ఆపలేదు.

మళ్ళీ స్కాన్ తీశారు. గింజలు తగ్గాయి. అప్పుడు ఆ ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. తెలంగాణ మనిషి, మాటలో మెత్తదనం తక్కువ, చూపులో ఎక్కువ. అక్క బావను రక్తపరీక్షకని పక్కకు పంపించి, నన్ను తీసుకుని లోపలికి వెళ్ళింది.

"చూడండమ్మా, గిది అందరికీ చేసే ఆపరేషన్ కాదు," అంది డాక్టరమ్మ. "సార్‌కి లోపల కొన్ని చోట్లనే ఉన్నయి, మందుకు తగ్గినయి. గిట్లుంటేనే ఆలోచిస్తం. స్టమక్ మొత్తం తీసేస్తం. పేగును పైకి తెచ్చి అన్నం గొట్టానికి కలుపుతం. పొర మీద గింజలు ఎక్కడెక్కడ కనబడ్తయో ఆ పొరను ఒలిచి తీసేస్తం. కంటికి కనబడనివి మిగుల్తయి కదా, వాటికోసం పొట్టలోకి వేడి మందు పంపుతోని తిప్పుతం."

"నయమైపోతారా అండీ?" అంది అక్క.

"ఫికర్ చేయకండి అని నేను చెప్పనమ్మా. మళ్ళీ రావొచ్చు. చాలామందికి వస్తది కూడా. కానీ కొందరికి మంచి టైమ్ దొరుకుతది. పెద్ద ఆపరేషన్, కష్టం కూడా పెద్దదే. చేస్తే ఇప్పుడే చెయ్యాలె. మందులకు లొంగడం ఆగి మళ్ళ పెరిగినంక ఇగ చెయ్యలేం. ఇదంతా సార్‌కి నేనే చెప్తా, ఆయన సరే అంటేనే చేస్త."

"మీరొద్దండీ, భయపడతారు," అంది అక్క. "ముందు మావాడు చెబుతాడు. వీడైతే నవ్విస్తూ చెబుతాడు."

బావతో జీవితంలో అత్యంత ముఖ్యమైన నిజాన్ని చెప్పడానికి అలా నన్ను ఎంచుకున్నారు.

* * *

బాల్కనీలో చెప్పాను. ఎదురుగా మెట్రో రైలు వంతెన మీద నుంచి పోతోంది. బావ ఒళ్ళో దుప్పటి.

"స్టమక్ మొత్తం తీసేస్తారు బావా."

"ఊ."

ఆ ఊకి అర్థమేమిటో నాకు తెలుసు. అయినా ఆపలేదు. "తీసేసి పేగును పైకి లాగి కుడతారు. తర్వాత పొట్ట లోపలి పొర ఉంటుంది, దాన్ని నారింజ తొక్క కింది తెల్లపీచు ఒలిచినట్టు ఒలుస్తారు."

"ఊ."

"ఆ తర్వాత పొట్టలోకి గొట్టాలు పెట్టి మందును జ్వరమంత వేడి, ఇంకాస్త ఎక్కువ వేడి చేసి, పంపుతో లోపలికి పంపి బయటికి తీసి మళ్ళీ లోపలికి..."

"ఊ."

"మందు అన్ని మూలలకూ పోవాలి కదా, అందుకని డాక్టర్లు రెండు చేతులతో పొట్టని అటూ ఇటూ ఊపుతూ ఉంటారు."

"ఊపుతారు?"

"ఊపుతారు."

బావ నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. నా భుజం తట్టి, "బాగుందిరా. చిరుతపులి కంటే బాగుంది" అన్నాడు. తర్వాత వంతెన వైపు కాసేపు చూశాడు. "నువ్వింత కష్టపడి ఇంత కథ అల్లావంటే, వాళ్ళు ఇక చేసేదేం లేదన్నారన్నమాట."

"లేదు బావా, ఇది నిజం. అక్క మీద ఒట్టు."

"అక్క మీద ఒట్టు పులి కథప్పుడు కూడా వేశావు."

ఫోన్ తీసి అందులో ఒక ఆపరేషన్ వీడియో చూపించాను. పచ్చగుడ్డల కింద పొట్ట, చుట్టూ గొట్టాలు, ఊపుతున్న చేతులు. బావ చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "నా పుట్టినరోజుకి ఇదే ఫోన్లోంచి చిరుతపులి నీ స్కూటరు వెనక కూర్చున్న ఫోటో పంపావు. దానికి హెల్మెట్ కూడా పెట్టించావు. మీ ఆఫీసు కుర్రాళ్ళకి ఇదెంత పని?"

అక్క లోపలి నుంచి వచ్చి, "నిజమేనండీ, నేను కూడా విన్నాను, డాక్టరమ్మే చెప్పింది" అంది.

"నువ్వు వీడేం చెప్పినా నమ్ముతావు. కూకట్‌పల్లి రైతుబజారులో వంకాయలు తూకానికి కాదు, పొడుగుకి అమ్ముతున్నారంటే టేపు పట్టుకెళ్ళినదానివి." ఆయన గొంతులో కోపం లేదు. ఎవరో చేసిపెట్టిన మర్యాదకు కృతజ్ఞతలాంటిది ఉంది. అదే నన్ను భయపెట్టింది. "మంచిపని చేశార్రా మీరిద్దరూ. నాకర్థమైంది. ఇక ఆసుపత్రులు చాలు. ఇంట్లో ఉంటాను."

చేస్తే ఇప్పుడే చెయ్యాలి అంది డాక్టరమ్మ. ఆ ఒక్కటీ నా చెవిలో తిరుగుతోంది. మా ఇద్దరి మధ్య ఇన్నేళ్ళు పెరిగిన సరదా ఇప్పుడు తలుపుకి అడ్డంగా పడుకుంది. ఎలా బతిమాలినా, ఏం చెప్పినా నా నోట్లోంచి వచ్చింది కాబట్టి అది కథే. మా వాళ్ళల్లో బావమరిది మాటను పట్టించుకోకపోవడం బావకు హక్కు. ఆయన ఆ హక్కును ఎన్నడూ వదులుకోలేదు.

చివరికి అక్క ఒక మాట అంది. "సరే, వద్దు. కానీ ఇన్నాళ్ళు చూసిన డాక్టరమ్మకి ఒక్కసారి కనబడి, వద్దని మర్యాదగా చెప్పి వద్దాం." మర్యాద అనేసరికి బావ కాదనలేకపోయాడు.

* * *

డాక్టరమ్మ గదిలో బావ కుర్చీ అంచు మీద, సెలవు తీసుకోవడానికి వచ్చిన చుట్టంలా కూర్చున్నాడు. ఆవిడ ముందు నుంచీ మొదలుపెట్టి చెప్పింది. స్టమక్ తీసేయడం. ఊ. పేగు కలపడం. ఊ. పొర ఒలవడం. ఊ.

ఆవిడ ఆగింది. "ఏంది సార్, తాత కథ చెప్తున్నట్టు ఊ కొడుతున్నరు?"

బావ నా వైపు చూపించాడు. "వీడు మీకు ముందే ఫోన్ చేశాడా అమ్మా?"

"ఎవరు? ఈయననా? నాకెందుకు చేస్తడు?"

"చేసుంటాడు. మీరు కూడా మంచివారు కాబట్టి ఒప్పుకుని ఉంటారు."

నేను సంగతి వివరించబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. నా చరిత్ర ఎంతవరకు అర్థమైందో గానీ, నోరు మూసుకోవాల్సింది నేనేనని మాత్రం వెంటనే అర్థమైంది ఆవిడకి. బల్ల మీది ఒక కాగితం వెనక్కి తిప్పి, పొట్ట ఆకారం ఒకటి గీసి, దానికి గొట్టాలు పెట్టడం మొదలుపెట్టింది. "ఇది పంపు. ఇది మందు ఉండే డబ్బా. ఇక్కడ వేడి చేస్తం. ఇట్ల లోపలికి పోతది, ఇట్ల బయటికొస్తది..."

"ఊ," అన్నాడు బావ. తర్వాత బొమ్మ మీదికి వంగాడు. "లోపలికి పోయే గొట్టాలెన్ని?"

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. అక్కకేం అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ గదిలో పెద్ద శబ్దమేదో ఆగినట్టనిపించింది.

డాక్టరమ్మ చెప్పింది. బావ జేబులోంచి కళ్ళజోడు తీశాడు. "వేడి ఎక్కడ కొలుస్తారు? హీటర్ దగ్గరా, పొట్టలోనా? గొట్టంలో వచ్చేటప్పుడు కొంత చల్లారుతుంది కదమ్మా."

"రెండు దిక్కుల కొలుస్తం సార్. లోపల కూడా సెన్సార్లు పెడతం."

"కరెంటు పోతే?"

"బ్యాటరీ ఉంటది."

"అది కాదు. నీళ్ళు ఎప్పుడూ తేలిక దారి చూసుకుంటాయి. ఈ గొట్టంలోంచి వచ్చి సూటిగా ఆ గొట్టంలోకి పోతాయి. ట్యాంకు మూలల్లో నీళ్ళు కదలవు, అక్కడే పాకుడు పడుతుంది. మరి పొట్ట మూలల్లోకి మీ మందు ఎలా పోతుంది?"

"గందుకే సార్, పొట్టను చేతులతోని అటు ఇటు ఊపుతం. టైమ్ అయ్యేదాక ఊపుతనే ఉంటం."

బావ మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. మా పరిచయంలో ఆయన నన్ను ఎన్నోసార్లు చూశాడు గానీ అలా చూడటం అదే మొదలు. ఏళ్ళుగా అప్పడాలు అమ్ముకునేవాడి బుట్టలో నిజంగానే బంగారం ఉందని తెలిస్తే చూసినట్టు.

"ఊపుతారంటరా," అన్నాడు.

"చెప్పానుగా బావా."

"చెప్పావు." ఆ తర్వాత ఆయన మొహంలో ఉన్న ఆ సెలవు తీసుకునే మర్యాద పోయింది. దాని స్థానంలో భయం వచ్చింది. అది చూసి నాకు సంతోషమేసింది. భయపడే మనిషికి ఇంకా ఏదో కావాలన్నమాట. "తెరిచాక లోపల మీరనుకున్నదానికంటే ఎక్కువుంటే?"

"ముందు మళ్ళ కెమెరాతోని చూస్తం. మొత్తం తీయలేమనిపిస్తే ఏదీ తీయం. మూసేసి వచ్చేస్తం. సగం చేస్తే కష్టం తప్ప మీకు లాభం లేదు."

"అప్పుడు నేను లేచాక ఆ సంగతి నాకెవరు చెబుతారు?"

"నేనే చెప్తా."

"తప్పకుండా మీరే చెప్పండి. వీడితో మాత్రం చెప్పించకండి."

డాక్టరమ్మ నవ్వింది. అక్క కూడా నవ్వింది, కన్నీళ్ళు తుడుచుకుంటూ. నేను నవ్వలేదు. ఆ మాట సరదాకి అనలేదని నాకు తెలుసు.

* * *

ఆపరేషన్ రోజు ఆసుపత్రి అద్దాల గోడ పక్క కూర్చున్నాం. బయట అన్నీ మేడలు, మేడల మీద క్రేన్లు, క్రేన్ల కింద ఇంకా లేవని మేడలు. మామూలుగా ఇలాంటి చోట కూర్చున్నవాళ్ళు తలుపు తొందరగా తెరుచుకోవాలని కోరుకుంటారు. మా సంగతి తలకిందులు. తొందరగా పిలిచారంటే చూసి మూసేశారని అర్థం. అందుకని ఎవరి పేరు పిలిచినా అక్క ఉలిక్కిపడి, అది బావ పేరు కాదని తెలిసి ఊపిరి వదిలేది. ఆలస్యం కావాలి, ఇంకా ఆలస్యం కావాలి అని మొక్కుకున్న ఇల్లాలు మా అక్క ఒక్కతే అయి ఉంటుంది.

"ఏదన్నా చెప్పరా, ఈ నిశ్శబ్దం భరించలేను," అంది.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. పులి రాలేదు, పొడుగుకి అమ్మే వంకాయలూ రాలేదు. చివరికి జరిగిందే చెప్పాను: వాళ్ళ కూకట్‌పల్లి ఇంట్లో మొదటి ఎండాకాలం నీళ్ళు రాకపోతే, వీధంతా వచ్చి నీళ్ళ శాఖ ఇంజనీరు గుమ్మం ముందు బిందెలు పెట్టి కూర్చోవడం, లోపల ఆ ఇంజనీరే చెంబుడు నీళ్ళతో స్నానం చేసి ఆఫీసుకు బయల్దేరడం, బిందెల మధ్య కాలు పెట్టడానికి చోటు లేక ఆడవాళ్ళు ఒక్కొక్క బిందె జరుపుతూ ఆయనకు దారి ఇవ్వడం. అక్క వింటూ, "ఆ రోజు ఆయన వేసుకుంది నీలం చొక్కా" అంది. నాకు చొక్కా గుర్తులేదు. ఆవిడకు గుర్తుంది.

మధ్యాహ్నం దాటింది. మేడల నీడలు రోడ్డు మీదికి వచ్చాయి. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. ఒక దశలో అక్క నా డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తీసుకుని తింది. అదే ఆవిడ ధైర్యం.

ఎండ తగ్గాక డాక్టరమ్మ వచ్చింది. తలకు టోపీ అలాగే ఉంది, కళ్ళ చుట్టూ కళ్ళజోడు అచ్చులు. "కంటికి కనబడింది మొత్తం తీసినమమ్మా. వేడి మందు కూడా అయింది. కనబడనిది ఉండొచ్చు, అది కాలమే చెప్తది. ఇప్పుడు ఈ వారం గట్టెక్కాలె."

మర్నాడు బావకు పూర్తిగా తెలివి వచ్చాక ఆవిడ మాట ప్రకారం తానే వచ్చి, మంచం పక్కన వంగి అదంతా చెప్పింది. ముక్కులో గొట్టం, పక్కల్లో గొట్టాలు, ఛాతీ కింది నుంచి పొట్ట కిందిదాకా కట్టు. ఆవిడ వెళ్ళాక బావ వేలితో నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు. గొంతు గరుకు కాగితంలా ఉంది.

"ఆవిడ చెప్పింది కదా. నన్ను చెప్పొద్దన్నావు."

"ఇప్పుడు చెప్పు. ఏమీ కలపకుండా."

చెప్పాను. ఏమేం తీశారో, ఏది దేనికి కుట్టారో, ఇంకా ఏం తెలియదో. నా జీవితంలో నేను చెప్పిన వాటిల్లో అతి చప్పటి కథ అది. బావ కళ్ళార్పకుండా విన్నాడు. అయ్యాక ఒక్కటే అడిగాడు.

"ఊపారా?"

"ఊపారట బావా."

అప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

* * *

మంచి టైమ్ అని డాక్టరమ్మ అన్నదేమిటో ఆ తర్వాత మాకు తెలిసింది. కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. చిన్న పళ్ళెంలో రెండేసి ముద్దలు, రోజంతా మళ్ళీ మళ్ళీ. తిన్న వెంటనే చెమటలు, నడుం వాల్చడాలు. కానీ రుచి తిరిగి వచ్చింది. ఒక ఉదయం చందమామంత పెసరట్టు వేసిచ్చింది అక్క. పావు తిని మిగతాది వదిలాడు. అక్క ఆ వదిలింది చూసి ఏమీ కొలవలేదు, తీసుకెళ్ళి తానే తినేసింది. దాంతో బావకు ఒక చిక్కు వచ్చిపడింది. కంచంలో వదలడం ఇప్పుడు మామూలైపోయింది కాబట్టి కోపం వస్తే చూపించే దారి లేదు. పాపం, అంత వయసులో అరవడం నేర్చుకున్నాడు. మొదటిసారి అరిచిన రోజు అక్క నాకు ఫోన్ చేసి, "మీ బావ నన్ను తిట్టారురా" అని ఎంత మురిసిపోయిందో.

సాయంత్రాలు కాలనీ పార్కుకు వెళ్ళేవాడు. అక్కడి బెంచీల పెద్దమనుషులకు తన ఆపరేషన్ చెప్పేవాడు. గొట్టాలు, పంపు, జ్వరమంత వేడి, ఊపడం. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు. "కడుపే లేకుండా మనిషెట్ల బతుకుతడు సార్, మీరు భలే చెప్తరు," అని ఒకాయన అన్నాడు. బావ రోషంగా నన్ను సాక్ష్యానికి పిలిచాడు. "నిజమేనండీ, నేను పక్కనే ఉన్నాను," అన్నాను. వాళ్ళకు అప్పటికే నా సంగతి తెలుసు. బెంచీ అంతా గొల్లుమంది. ఇంటికి వస్తూ బావ, "నీ వల్ల నా మాట కూడా పోయింది" అని తిట్టాడు. తిట్లు అప్పటికి బాగానే వచ్చేశాయి.

ఆ కాలాన్ని తలచుకుంటే నాకు పెద్ద సంఘటనలేవీ గుర్తురావు. పార్కు బెంచీ, చిన్న పళ్ళెం, వాన పడుతోందంటే కిటికీలోంచి బయటికి పోయే చెయ్యి, అంతే. ఖాజాగూడలో మిగిలిన ఒక బండ మీదికి ఒక ఆదివారం మెల్లగా ఎక్కాం కూడా. పైకి వెళ్ళేసరికి మాకంటే ముందే కుర్రాళ్ళు ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నారు. "అంకుల్, జర పక్కకు," అన్నారు. జరిగాం.

తర్వాత పొట్టలో నీరు చేరడం మొదలైంది.

డాక్టరమ్మ స్కాన్‌ను రెండుసార్లు చూసి పక్కన పెట్టింది. "మళ్ళొచ్చింది సార్. ఈసారి అంతటా ఉంది. కోస్తే మీకు నొప్పే మిగుల్తది, ఇంకేం మిగలది. నేను చెయ్య." నొప్పి లేకుండా, నీరు తీస్తూ చూసుకునే పద్ధతి చెప్పింది. బావ ఊ కొట్టలేదు, ప్రశ్నా వెయ్యలేదు. రెండు చేతులూ జోడించి, "మీరు నాకెప్పుడూ నిజమే చెప్పారమ్మా" అన్నాడు.

కారులో నా పక్కన కూర్చున్నాడు. అక్క వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి ఉంది. ఖాజాగూడ కూడలిలో ఎర్రదీపం పడింది. అన్ని వైపులా ఆఫీసుల నుంచి వదిలిన బండ్లు.

"ఒరేయ్," అన్నాడు బావ, "నిజం వినేశాను కదా. ఇప్పుడో అబద్ధం చెప్పు."

నేను ఎర్రదీపం వైపు చూపించాను. "ఈ సిగ్నల్ ఉంది చూశావా బావా. ఇక్కడ ఎర్రదీపం ఇంతసేపెందుకుంటుందో తెలుసా? కింద ఒక ముసలి చెరువుచేప ఉంటుంది. మేడలు కట్టినప్పుడు దానికి నష్టపరిహారం కింద ట్రాఫిక్ శాఖలో ఉద్యోగం ఇచ్చారు. మీట నొక్కేది అదే."

"ఊ."

"పాపం దానికి రెప్పల్లేవు కదా, ఎప్పుడు పగలో ఎప్పుడు రాత్రో తెలియదు. డ్యూటీ ఎప్పుడు దిగాలో తెలియక..."

దీపం పచ్చబడింది. నేను మాట ఆపి గేరు వెయ్యబోయాను. వెనక హారన్లు మోగుతున్నాయి.

"బండి పోనివ్వు," అన్నాడు బావ. "కథ ఆపకు."

ఇంటికి పోవాలంటే గచ్చిబౌలి వైపు తిరగాలి. నేను కోకాపేట వైపు తిప్పాను. ఆ దారి చాలా పొడుగు.